అయిదో తీగ

మసేను మామ పోయినప్పుడు
పేపర్లో రెండు లైన్లు వేశారు.
అందులో ఒకటి తప్పు.
"బుల్‌బుల్ వాద్యకారుడు" అట.
బుల్‌బుల్ కాదు బాబూ, బాంజో.
తీగలు అయిదు.
నాలుగు తల దగ్గరే బయల్దేరతాయి,
అయిదోది మెడ మధ్యలో ఎక్కుతుంది,
కొత్తవలసలో రైలెక్కిన పాసింజరులా.
సీటుండదు, గొంతు మాత్రం అందరికంటే పైన.

డెబ్బై నాలుగులో
గోధుమల ఓడ దిగిన నావికుడొకడు
రెండు గంపల ఎండు నెత్తళ్లకీ ఒక చేతిగడియారానికీ
దాన్ని ఇచ్చేసి పోయాడు.
పోయే ముందు మూడు రాత్రులు
పాత జెట్టీ గోడ మీద కూర్చుని
మూడు వేళ్లు ఎలా తిరగాలో చూపించాడు.
దీన్ని బ్లూగ్రాస్ అంటారన్నాడు.
నీలం గడ్డి అని ఎవరో అర్థం చెబితే
మామ చాన్నాళ్లు నవ్వాడు:
"నీలంగుంటే ఏ గొడ్డు మేస్తాదే?"

ఉప్పుగాలికి తోలు పగిలితే
తాటిచెట్లపాలెం డప్పుల సూరయ్య
మేకతోలు కాచి బిగించాడు.
తీగ తెగితే సైకిల్ బ్రేకు వైరు విప్పి
ఒక్క పోగు లాగేవాడు.
వేళ్ల తొడుగులు పాత ఓడ పైపు ఇత్తడి.
ఇంత అతుకుల బొంతలోంచి
రేకు మీద చినుకులు పరిగెత్తినట్టు వచ్చేది.

రేడియో స్టేషన్‌కి మూడుసార్లు వెళ్లాడు.
ఫారంలో గడులు: శాస్త్రీయం, లలితం, జానపదం.
"ఎందులోకొస్తావయ్యా నువ్వు?"
ఆఫీసరుగారు మర్యాదగానే అడిగారు.
మూడోసారి మామ
గడుల పక్కన మార్జిన్లో
ఒక చేప బొమ్మ గీసి వచ్చేశాడు.

అప్పుడు నేను రొయ్యల షెడ్డులో ఉన్నాను.
పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు.
సాయంత్రం గేటు దగ్గర
మా మొహాలు చూడలేదాయన, వేళ్లు చూశాడు.
బొటనవేలు తల విరుస్తుంది
చూపుడువేలు పెంకు లాగుతుంది
నడిమివేలు నరం తీస్తుంది.
"ఒలమ్మో! నాకేడేళ్లు పట్టినాదే ఇది.
మీకు కూలికే వచ్చీసినాది."

అలా అయిదుగురం.
పైడమ్మ, నూకరత్నం, బంగారి,
పేరు పిలిస్తే పలకని చిట్టెమ్మ కూతురు, నేను.
అందరికీ ఒకటే మైకు.
వంతు వచ్చినవాళ్లు ముందుకి, అయినవాళ్లు వెనక్కి,
వల లాగుతూ తాడు మీద పట్టు మార్చుకున్నట్టు.
ఎక్కువసేపు నిలబడ్డావా
డొక్కలో మోచెయ్యి.

మంచివాడని చెప్పను. తాగేవాడు.
రెండు పెళ్లిళ్ల డబ్బులు ఎగ్గొట్టాడని
నూకరత్నం ఇప్పటికీ పైసలతో సహా లెక్క చెబుతుంది.
కానీ ఆ గొంతు
డాల్ఫిన్ నోస్ కొండ మీద ఒక్కడే మిగిలిపోయి
పిలుస్తున్నవాడి గొంతు.

హుద్‌హుద్ ఏడాది, కరెంటు లేని రాత్రులు.
రోడ్ల నిండా పడుకున్న చెట్లు.
పెద జాలరిపేటలో రేకు ఎగిరిపోయిన గదిలో
డెబ్బై రెండేళ్ల చేతులతో వాయించాడు.
బిందెలు దించి నిలబడ్డారు జనం.
నలభై ఏళ్లు పెళ్లి ఊరేగింపుల వెనక నడిచినవాణ్ణి
ఆ పేట మొదటిసారి విన్నది,
ఇంకే చప్పుడూ లేకపోబట్టి.

ఒక క్యాసెట్టుంది.
బంగారి కొడుకు దాని మీద ఎక్కాలు రికార్డు చేశాడు.
పదమూడో ఎక్కం అయ్యాక
పన్నెండు నిమిషాలు మామ.
తర్వాత పద్నాలుగో ఎక్కం.

పూర్ణా మార్కెట్ మేడ మీదకి
ఆదివారాలు తొమ్మిదిమంది పిల్లలు వస్తారు.
నిన్న ఒకమ్మాయి అడిగింది,
పొట్టి తీగని ఎవరూ నొక్కరేం ఆంటీ అని.
మామని నేనూ అడిగాను ఒకప్పుడు.
"అదంతే. మొండిది."
నేనూ అదే చెప్పాను.

బొటనవేలికి ఆయన ఇత్తడి తొడుగు.
కొంచెం వదులు.
లోపల దారం చుట్టుకున్నాను.